తారు పూసిన వాల్వు

అమ్మాన్, 22 జూలై 1989, శనివారం

మిస్బాహ్ అన్నయ్యకు,

క్షేమ సమాచారాలు తర్వాత, ముందు నీళ్ల సంగతి. నువ్వు పండక్కి వచ్చి వెళ్లి వారం తిరక్కుండానే మా ఇంట్లో చుక్క నీరు లేకుండా పోయింది.

మన వీధికి గురువారం ఒక్కరోజే నీళ్లు వదులుతారని నీకు తెలుసు. మొన్న మేడ మీద అందరి ట్యాంకులూ నిండాయి, మాది తప్ప. అంతకుముందు ట్యాంకు నిండగానే తేలి నీళ్లు ఆపే బంతి కడ్డీ విరిగి నీళ్లు పొంగిపోతుంటే మీ బావ ఫవ్వాజ్ ఎక్కి ఇనప తీగతో కట్టాడు. ఆఫీసులో ఫైళ్లు కట్టి కట్టి ఆ చేతికి కట్టడం తప్ప ఇంకోటి రాదు. ఆ కట్టుకి బంతి పైనే బిగుసుకుపోయి, చుక్క కూడా లోపలికి రాలేదు. ఇదేమిటయ్యా అంటే, "పొంగకూడదన్నావు. పొంగిందా?" అంటాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

నలుగురు పిల్లలు, చిన్నదానికి విరేచనాలు, గుడ్డలు ఉతికే దిక్కు లేదు. పై వాటాలో ఉమ్ హిల్మీ అడక్కుండానే రెండు బకెట్లు పంపింది. కొడుకు హిల్మీ కువైట్‌లో ఉన్నాడు, ఆవిడ ఒక్కతే కదా, ఆవిడ ట్యాంకులో ఎప్పుడూ సగం మిగిలే ఉంటుంది. కానీ ఎన్నాళ్లని తీసుకోను? వచ్చే గురువారం కూడా తప్పిపోతే మరో వారం ఎలా గడుస్తుందోనని నాకు భయంగా ఉంది. నువ్వు రాగలవా? లేక బజారులోంచి ప్లంబర్ని పిలిపించనా?

ఇంకో మాట. పండగ రోజు అమ్మ సమాధి దగ్గర రెండు నిమిషాలు కూడా నిలబడలేదు నువ్వు. పొద్దున్నే బస్సు వేళయిందని పరుగెత్తావు. బస్సు మూడు గంటలకని తర్వాత తెలిసింది. నాకు బాధేసింది, అందుకే రాస్తున్నాను.

ఈ ఉత్తరం అఖబాకి టాక్సీ నడిపే అబూ ఖలఫ్‌తో పంపుతున్నాను. జవాబు ఆయన చేతికే ఇవ్వు.

నీ చెల్లెలు
విదాద్


అఖబా, 24 జూలై

విదాదూ,

బజారు ప్లంబరా? నేను బతికుండగా, నేను పైపులు వేసిన మేడ మీదకి ఇంకొకడు రెంచీ పట్టుకుని ఎక్కుతాడా? ఊరంతా ఏమనుకుంటుంది? మిస్బాహ్ చేతులు పడిపోయాయనుకోదూ!

నేను ఇప్పట్లో రాలేను. ఇక్కడ హోటల్లో రెండొందల స్నానాల గదులు, వాటికి నన్ను మేస్త్రీని చేశారు. ఎండ ఎలా ఉందంటే పైపు ముట్టుకుంటే చర్మం ఊడొస్తోంది. చేపలు మాత్రం బాగా దొరుకుతున్నాయి.

పని నువ్వే చెయ్యి. చిన్నప్పుడు నా సంచి మోసినదానివి, నీకు రాకపోవడమేమిటి? ఫవ్వాజ్‌ని నిచ్చెన దరిదాపులకు రానివ్వకు. ఇత్తడి కడ్డీ ఉన్న బంతి కొను, ప్లాస్టిక్‌ది వద్దు. ట్యాంకులోకి నీళ్లొచ్చే పైపు మీద చక్రం ఉన్న వాల్వు ఉంటుంది, దాన్ని మూసి పాతది విప్పు. మరల మీద జనపనార చుట్టి, నీళ్లు కారకుండా తెల్ల మందు రాసి, కొత్తది బిగించు. బిగుసుకుందనిపించగానే ఆపెయ్. ఇంకో చుట్టు తిప్పుదామనే ఆశే జాయింట్లని పగలగొడుతుంది. తర్వాత ఆ చక్రం తెరువు. అంతే. పావుగంట పని.

మిస్బాహ్


అమ్మాన్, 29 జూలై

అన్నయ్యా,

పావుగంట కాదు, రెండు గంటలు పట్టింది. కానీ చేసేశాను! నా చేతులు ముద్దుపెట్టుకోవాలనిపించింది.

రెంచీ కింద చెప్పుల దుకాణం కెవోర్క్ దగ్గర అడిగి తెచ్చుకున్నాను, అదే, పిడికి ఎర్ర తోలు చుట్టి ఉంటుంది చూడు. పని మీ బావే చేశాడని ఇంటింటా చెప్పాను. గుమాస్తా పెళ్లాం మేడెక్కి పైపులు విప్పిందంటే ఆయన్ని ఆఫీసులో బతకనివ్వరు. పైగా నిజంగానే తను కట్టిన తీగ వల్లే బాగుపడిందని ఆయన నమ్ముతున్నాడు! కెవోర్క్ ఒక్కడికే అసలు సంగతి తెలుసు. "చెల్లెమ్మా, మా అమ్మ మీద ఒట్టు, ఈ నోరు కుట్టేశాననుకో" అన్నాడు.

గురువారం ట్యాంకు నిండింది. నిండే ముందు ఒక సొంత తెలివి కూడా ఉపయోగించాను. ట్యాంకు వెనకాల గోడ మూలన, తారు పూసి గోనె చుట్టిన వాల్వు ఇంకోటి కనబడింది. చక్రం లేదు, మొండి కడ్డీ ఒక్కటే. ఎన్నాళ్లుగానో మూసి ఉన్నట్టుంది. అందుకే మాకు నీళ్లు తక్కువగా వస్తున్నాయేమోనని రెంచీతో దాన్ని కూడా తెరిచాను. అప్పట్నుంచి నీళ్లే నీళ్లు! రాత్రి పిల్లలందరికీ తలంట్లు.

ఒకటే అర్థం కాలేదు. నిన్న పొద్దున చూస్తే బంతి పైకి లేచి నీళ్లు లోపలికి రావడం ఆగిపోయింది. అయినా ఎక్కువైన నీళ్లు పోయే పైపులోంచి బొట్లు కారుతూనే ఉన్నాయి. కొత్త బంతి పాడయిందా? కడ్డీ కాస్త వంచనా? తోచక అడుగుతున్నాను.

విదాద్


అఖబా, 31 జూలై

విదాద్,

ఆ తారు వాల్వు ముట్టుకోమని నీకెవరు చెప్పారు? వెంటనే మూసెయ్. ఈ ఉత్తరం చదవగానే వెళ్లి మూసెయ్.

అదొక పాత మురుగు పైపు, పనికిరానిది. కారణాలు అడగకు. ఫవ్వాజ్‌కి చెప్పకు. మేడ మీదకి వెళ్లేటప్పుడు ఎవరైనా ఉన్నారేమో చూసుకుని వెళ్లు. బంతి బాగానే ఉంది, కడ్డీ వంచకు.

మిస్బాహ్


అమ్మాన్, 5 ఆగస్టు

అన్నయ్యా,

సలాం లేదు, పిల్లలెలా ఉన్నారని లేదు. చెల్లెలు చెమటలు కక్కి చేసిన పనికి ఇంత మాటా? నీ ఉత్తరం చదివి వంటింట్లో కూర్చుని ఏడ్చాను. నీ పనికి వంక తెచ్చానని కోపమా? సరే, అది పక్కన పెట్టు. ఇక్కడ అంతకంటే పెద్ద గొడవ వచ్చిపడింది.

బుధవారం మూసెయ్యడానికి వెళ్లాను. కడ్డీ తిరుగుతూనే ఉంది, బిగియదు. ఇంకాస్త బలం పెట్టాను. టక్కుమని సగానికి విరిగి చేతికొచ్చింది. లోపల వాల్వు తెరుచుకునే ఉండిపోయింది. అంతలో మెట్ల మీద అడుగుల చప్పుడు. నువ్వు ఎవరి కంటా పడొద్దన్నావని గాభరాగా, ఆరేసిన దుప్పట్ల వెనక నుంచి దిగి పారిపోయాను. కెవోర్క్ రెంచీ అక్కడే, ఉమ్ హిల్మీ ట్యాంకు మీదే వదిలేశాను.

వచ్చింది ఇంటి యజమాని అబూ షాహెర్. ఉమ్ హిల్మీ ట్యాంకు అడుగంటిందట! ఇరవై ఏళ్లలో ఎన్నడూ లేనిది. ఆవిడ చూడమంటే ఎక్కాడు. ఎర్ర తోలు రెంచీ దొరికింది. సాయంత్రం దుకాణం ముందు పదిమంది పోగయ్యారు.

"ఇదెవరిది?" అన్నాడు అబూ షాహెర్.

కెవోర్క్ మెట్ల మీద నిలబడ్డ నాకేసి ఒక్కసారి చూశాడు. "నాదే. అక్కడ మర్చిపోయాను."

"మేడ మీద నీకేం పనయ్యా?"

"పావురాలు చూద్దామని ఎక్కా."

"రెంచీ పట్టుకుని పావురాల్ని చూస్తారా?" అని ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. ఆయన మాత్రం తల దించుకుని అరిగిన బూటు మడమ ఒకటి తీసుకుని మేకులు కొట్టడం మొదలుపెట్టాడు. నా నోరు పెగల్లేదు అన్నయ్యా. మీ బావ నా పక్కనే ఉన్నాడు.

ఇప్పుడు నాకొక అనుమానం పట్టుకుంది. ఆ తారు వాల్వు కెవోర్క్ పెట్టిందా? అది తెలిసే ఎవరికీ చెప్పొద్దన్నావా? అలాగైతే నేను మాట్లాడకపోవడమే మంచిదయిందనుకుంటాను. ఒక్క మాట రాయి. నాకు నిద్ర పట్టడం లేదు.

విదాద్


అఖబా, 7 ఆగస్టు

అమ్మడూ,

నీ మీద నాకు కోపమేముంది? ఎండకి తల తిరిగి ఏదో రాశాను. పిల్లలకి గవ్వల దండలు పంపుతున్నాను, అబూ ఖలఫ్‌ని అడిగి తీసుకో.

వాల్వు సంగతి నాకేం తెలియదు. కెవోర్క్ ఏం చేశాడో కెవోర్క్‌కే తెలియాలి. పెద్దవాళ్లు చూసుకుంటారు, నువ్వు కలగజేసుకోకు. మేడెక్కకు. నెలాఖరుకి రెండు రోజులు సెలవు పెట్టి వస్తాను, అన్నీ నేను సరిచేస్తాను. అప్పటిదాకా ఎవరేమడిగినా నీకు తెలియదు.

మిస్బాహ్


అమ్మాన్, 12 ఆగస్టు

మిస్బాహ్,

అన్నయ్యా అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

అబూ షాహెర్ కెవోర్క్‌కి నీళ్లు దొంగిలించాడని గడువు పెట్టాడు. ఒకటో తారీఖుకల్లా దుకాణం, వెనక గది ఖాళీ చెయ్యాలి. ముప్ఫై ఏళ్ల దుకాణం అది. ఈ వీధిలో ఆయన కుట్టని చెప్పు లేదు. ఇప్పుడు ఆడవాళ్లు చెప్పులు పట్టుకుని ఆయన గుమ్మం దాటి కొండ దిగి వెళ్తున్నారు. నిన్న నేనూ అలాగే దాటాను. "పిల్లకి విరేచనాలు తగ్గాయా చెల్లెమ్మా?" అని అడిగాడు. తగ్గాయని చెప్పి గబగబా వచ్చేశాను.

మంగళవారం ఉమ్ హిల్మీకి భోజనం తీసుకెళ్లాను. ఆవిడ నమాజుకి లేస్తోంది. కిటికీలో మట్టి మూకుడు ఉంది. అందులో మట్టి మీద అరచేతులు ఆనించి, ముఖానికీ చేతులకీ తుడుచుకుంది. నీళ్లు లేని ఎడారి బాటసారులు చేసినట్టు, తన ఇంట్లో తను! "రెండు బకెట్లు పంపుతానుండండి" అన్నాను. "వద్దమ్మాయ్, నీకు నలుగురు పిల్లలు. నాదేముంది" అంది.

అక్కణ్నుంచి తిన్నగా మేడెక్కాను. నువ్వు ఎక్కొద్దన్నావు కదా, అందుకే ఎక్కాను. ఆ పైపు ఎక్కడికి పోతుందో చేత్తో తడుముకుంటూ వెళ్లాను. గోడ వెంట నాలుగు అడుగులు, తర్వాత సిమెంటు కింద దాక్కుని, ఉమ్ హిల్మీ ట్యాంకు అడుగున తేలింది. ఆవిడ ట్యాంకు ఇటుకల దిమ్మె మీద ఉంది, మాది కింద ఉంది. ఆవిడ నీళ్లు వారమంతా మా ఇంట్లోకి దిగుతున్నాయి. ఆ శుక్రవారం మా ట్యాంకు పొంగింది కూడా ఆవిడ నీళ్లతోనే. నా పిల్లలకి తలంట్లు పోసింది ఆ నీళ్లతోనే.

చాకుతో తారు గీకాను. జాయింటు మీద ఎర్ర రంగు చుక్క ఉంది. బిగించిన ప్రతి జాయింటుకీ ఇది నాది అని నువ్వు పెట్టే చుక్క. ఆ రంగు డబ్బా మోసినదాన్ని, నాకు తెలియదా?

కెవోర్క్ ఏం చేశాడో కెవోర్క్‌కే తెలియాలని రాశావు. ఆ మాట నమ్మి నేను నోరు మూసుకున్నాను. నిజం రాయి. లేకపోతే నాకు తెలిసినంత నేను చెప్పేస్తాను.

విదాద్


అఖబా, 14 ఆగస్టు

విదాదూ,

నేనే పెట్టాను. ఏడేళ్లయింది.

నువ్వప్పుడు కొత్తగా పెళ్లయి ఇర్బిద్‌లో ఉన్నావు. ఇప్పుడు నువ్వున్న ఆ వాటాలోనే నేనూ అమ్మా ఉండేవాళ్లం. అమ్మ మంచం పట్టింది. రోజుకి మూడుసార్లు ఒళ్లు కడగాలి, దుప్పట్లు మార్చాలి. ఆదివారానికే మా ట్యాంకు ఖాళీ అయ్యేది. అమ్మ సంగతి నీకు తెలుసుగా. వాసన వస్తోందని మనవల్ని దగ్గరికి రానిచ్చేది కాదు. శుభ్రం లేకుండా నమాజు ఎలా చెయ్యనురా అని గోడ వైపు తిరిగి పడుకునేది. నేను ఊళ్లో అందరి ఇళ్లకీ నీళ్లు తెప్పించేవాణ్ని, మన అమ్మకి తేలేకపోయాను. పక్క ట్యాంకులో సగం నీళ్లు ఊరికే నిలవున్నాయి. ఒక మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తుంటే పైపు కలిపేశాను. ఉమ్ హిల్మీకి తెలియకుండా కాస్త కాస్త తీసేవాణ్ని. నాలుగు నెలలు. అమ్మ పోయిన రోజు వాల్వు మూసి తారు పూశాను. పైపు తీసేద్దామని ప్రతి ఏడాదీ అనుకుంటాను, మేడెక్కగానే చేతులు ఆడవు.

నా పేరు పోతుందని భయం లేదనను. కొత్తగా మేస్త్రీనయ్యాను, నీళ్లదొంగ అంటే ఇక్కడ ఒక్కరోజు ఉంచరు. కానీ అసలు భయం అది కాదు. ఎవరి తోటలోనో రాలిన పండు కూడా అడక్కుండా తీసుకోనిచ్చేది కాదు అమ్మ. అలాంటి మనిషి చేత నమాజుకి ముందు కడుక్కునే వుజూ దొంగనీళ్లతో చేయించాను. ఆ నాలుగు నెలల నమాజులు ఏమయ్యాయి? ఎవరిని అడగను? అందుకే ఆ సమాధి దగ్గర నిలబడలేను. నువ్వు బస్సు గురించి అడిగావు కదా.

నీ కాళ్లు పట్టుకుంటాను, నెలాఖరు దాకా ఆగు. ఎవరికీ చెప్పకుండా పైపు తీసేస్తాను. కెవోర్క్‌కి అఖబాలో దుకాణం చూస్తాను. అమ్మ పేరు మాత్రం బయటికి తేకు.

మిస్బాహ్


అమ్మాన్, 19 ఆగస్టు

అన్నయ్యా,

నేను ఆగలేదు. కోప్పడినా సరే, చివరిదాకా చదివి కోప్పడు.

నీ ఉత్తరం చదివి ఎంత ఏడ్చానో రాయను. ముందు మీ బావకి అంతా చెప్పాను, నిచ్చెనెక్కింది నేనేనని కూడా. అంతా విన్నాడు. చివరికి "అయితే నా తీగ పని చెయ్యలేదన్నమాట" అన్నాడు. తర్వాత లేచి, ఈ ఆగస్టు ఎండలో పెళ్లినాటి కోటు తొడుక్కున్నాడు. "తప్పు మన ఇంట్లో జరిగింది. పెద్దమనుషులతో వెళ్లి అడగాల్సిందే" అని మసీదు ఇమాముగారిని, అబూ షాహెర్‌ని పిలిచాడు. నేను కెవోర్క్ దగ్గరికి వెళ్లాను. "ఇంక మీ నోటి కుట్లు విప్పండి" అన్నాను. ఆయన చేతులు తుడుచుకుని మాతో వచ్చాడు.

శుక్రవారం నమాజు అయ్యాక ఉమ్ హిల్మీ గదిలో కూర్చున్నాం. ఆవిడ చేదు కాఫీ పోసి తలా ఒక కప్పు ఇచ్చింది. ఇమాముగారు కప్పు తాగకుండా కింద పెట్టారు. మీ బావా పెట్టాడు, నేనూ పెట్టాను. వచ్చిన పని తీరేదాకా ఎవరూ తాగరని ఆవిడకి అర్థమయింది. "అడగండి" అంది.

ఇమాముగారు నోరు తెరవకముందే నేను చెప్పడం మొదలుపెట్టాను. వాల్వు, రెంచీ, ఎర్ర చుక్క, అన్నీ. అమ్మ దగ్గరికి వచ్చేసరికి ఆగాను. చెప్పొద్దన్నావు కానీ, చెప్పకుండా నిన్ను ఎలా క్షమించమనను? చెప్పాను.

ఉమ్ హిల్మీ నాకేసి వింతగా చూసింది.

"ఆ పైపు ఇంకా ఉందా? మీ అమ్మ పోగానే తీసేశాడనుకున్నానే!"

అన్నయ్యా, ఆవిడకి తెలుసు.

"మీ అమ్మే చెప్పిందే నాకు," అంది. "మంచాన పడ్డ మనిషికి చెవులే కదా మిగిలేది. ట్యాంకు ఖాళీ కావాల్సిన రోజున కుళాయిలో నీళ్ల చప్పుడైతే ఆవిడకి తెలియదూ? ఆ రోజే నన్ను పిలిపించింది. నా చెయ్యి పట్టుకుని, 'ఉమ్ హిల్మీ, నా కొడుకు నీ నీళ్లు తెస్తున్నాడు. నువ్వు ఇచ్చానంటేనే ఆ నీళ్లు ఒంటి మీద పోయించుకుంటా, లేదంటే ఇలాగే పోతా' అంది. ఇచ్చానన్నాను. మనస్ఫూర్తిగా ఇచ్చానని మూడుసార్లు అనిపించుకుంది. అప్పుడు గానీ వుజూ చెయ్యలేదు."

"మరి అన్నయ్యకి ఎందుకు చెప్పలేదు?" అన్నాను.

"చెప్పొద్దంది. 'నా కోసం దొంగతనం చేశానని వాడు అనుకుంటున్నాడు, నాకు తెలుసని తెలిస్తే నా ముఖం చూడలేడు. కడిగేటప్పుడు వాడు నా ముఖం చూడాలి కదా' అంది."

 నేను ఆవిడ చేతుల్లో ముఖం పెట్టి ఏడ్చాను.

అయితే ఆవిడ అంత తేలిగ్గా వదల్లేదు. నన్ను లేపి, "అప్పుడు అడిగారు, ఇచ్చాను. ఈసారి ఎవరూ అడగలేదు. నేనూ ఊరికే ఒక మనిషిని అనుమానించాను. ముందు కెవోర్క్ తాగాలి, తర్వాతే మీరు" అని తన చేత్తో కప్పు తీసుకెళ్లి ఆయనకిచ్చింది. కెవోర్క్ తాగాడు. తాగి, మూతి తుడుచుకుని, "పావురాల మాట అబద్ధమమ్మా, నాకు పావురాలంటే పడదు" అన్నాడు. అబూ షాహెర్ లేచి ఆయన తల ముద్దుపెట్టుకున్నాడు. దుకాణం ఎక్కడికీ పోదు. మేమూ తాగాం.

నీకూ ఒక కప్పు పోసింది. దాని మీద సాసరు బోర్లించి అరుగు మీద పెట్టింది. "వాడొచ్చి నన్నడిగి, ఆ పైపు తన చేత్తో తీసేదాకా ఇది ఇక్కడే" అంది. రోజూ పొద్దున్నే పారబోసి కొత్తది పోస్తుందట. ఇవాళ పొద్దున పోయడం చూశాను. నువ్వొచ్చేదాకా ఆవిడ నీళ్లు వాడకూడదని మీ బావ చేత ఇంట్లో కుళాయిలన్నీ కట్టేయించాను, ఇందుకు మాత్రం ఆ కట్లు పనికొచ్చాయి.

విదాద్


అఖబా, 21 ఆగస్టు

చెల్లీ,

హోటల్ వాళ్లకి అంతా చెప్పి సెలవు అడిగాను. మేస్త్రీ పని ఉంచుతారో లేదో వచ్చాక చూసుకుంటాను.

బుధవారం అబూ ఖలఫ్ టాక్సీలోనే వస్తున్నాను. గురువారం నీళ్లు రాకముందే పైపు తీసెయ్యాలి. కెవోర్క్‌ని రెంచీ సిద్ధంగా ఉంచమను. ఫవ్వాజ్‌ని కూడా మేడ మీదకి రానీ, నిచ్చెన పట్టుకుంటాడు.

అమ్మ ముఖం గుర్తొస్తోంది. కడిగేటప్పుడు నాకేసే చూస్తుండేది. నొప్పితో చూస్తోందనుకునేవాణ్ని.

ఉమ్ హిల్మీకి చెప్పు, బుధవారం ఇంకో కప్పు పొయ్యమని. తర్వాత మనిద్దరం సమాధి దగ్గరికి వెళ్దాం. ఈసారి కాసేపు కూర్చుంటాను.

మిస్బాహ్